ఉబ్బితబ్బిబ్బు అంటే ఏమిటి, పారవశ్యానికీ దానికీ తేడా ఎక్కడ

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: కథలో "కూతురికి ఉద్యోగం వచ్చిందన్న వార్త వినగానే తండ్రి పారవశ్యం చెందాడు" అని రాశారు. చదివిన స్నేహితురాలు వాక్యం ఎక్కడో తేడా కొడుతోందని, "ఉబ్బితబ్బిబ్బయ్యాడు" అని మార్చమని చెప్పారు. మీకేమో ఆ మాట మరీ తేలికగా ఉన్నట్టు, పారవశ్యమే బరువైన మాట అన్నట్టు అనిపిస్తోంది. రెండింటి అర్థం పట్టలేనంత ఆనందమే కదా, ఏది రాస్తే ఏమిటి అని అడిగారు.

మీ స్నేహితురాలి చెవి సరైన చోటే పట్టుకుంది. చాలా ఏళ్లుగా ఇతరుల రాతలు దిద్దే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా, ఆనందం గురించి రాసేటప్పుడు చాలామంది మాటల్ని తూకం వేసి ఎంచుకుంటారు. సంతోషం కన్నా ఆనందం పెద్దది, దానికన్నా మహదానందం పెద్దది, అన్నిటికన్నా పైన పారవశ్యం ఉంది అన్నట్టు. తెలుగులో ఈ మాటలు అలా పనిచేయవు. ఆనందం ఎంత వచ్చిందన్నది కాదు, వచ్చిన ఆనందం ఆ మనిషిని ఏం చేసిందన్నది చెబుతాయి ఇవి. ఒక మాట ఒంటిని ఉబ్బిస్తుంది, ఒకటి ఒంటి మీద స్పృహ లేకుండా చేస్తుంది, ఇంకొకటి వెంట్రుకలు నిలబెడుతుంది.

ముందు ఉబ్బితబ్బిబ్బు సంగతి చూద్దాం. ఇందులో రెండు ముక్కలున్నాయి, ఉబ్బి, తబ్బిబ్బు. ఉబ్బడం అందరికీ తెలిసిందే, పొట్ట ఉబ్బరం దగ్గర్నుంచి దెబ్బ తగిలి కాలు ఉబ్బడం దాకా. 1852లో అచ్చయిన బ్రౌన్ తెలుగు నిఘంటువు కాలానికే ఈ క్రియకు ఒళ్లు వాయడమనే అర్థంతో పాటు గర్వంతోనో సంతోషంతోనో పొంగిపోవడమనే అర్థం కూడా స్థిరపడి ఉంది. తబ్బిబ్బు అంటే మాత్రం సంతోషం కాదు. తొట్రుపాటు, కలవరం, ఏం చేయాలో తోచని స్థితి. "పోలీసులు పేరు అడగ్గానే తబ్బిబ్బు పడ్డాడు" అంటే అందులో ఆనందం లేశమైనా లేదు. "ఒక్కసారిగా పదిమంది పది ప్రశ్నలు అడిగేసరికి తబ్బిబ్బైపోయింది" అన్నా అంతే. అంటే ఈ జంటలో ఆనందం అనే మాట ఎక్కడా లేదు, గమనించారా? మొదటి ముక్క పొంగును చెబుతుంది, రెండోది ఆ పొంగు వల్ల మనిషికి పట్టిన తడబాటును చెబుతుంది. రెండూ కలిస్తేనే "సంతోషంతో పొంగిపోయి ఏం చేస్తున్నాడో తెలియనంత కంగారు పడ్డాడు" అన్న పూర్తి అర్థం వస్తుంది.

సంస్కృతం నుంచి వచ్చిన సంభ్రమం కూడా ఇలాంటిదే. దాని మూలంలో ఉన్నది తిరుగుడు, తత్తరపాటు. మనం సంభ్రమాశ్చర్యాలు అన్నప్పుడు సంతోషం, తొందర, తడబాటు మూడూ కలిసి వినిపిస్తాయి. ఇంటికి పెద్దవాళ్లెవరో అనుకోకుండా వస్తే "ససంభ్రమంగా ఎదురెళ్లాడు" అని రాసేవారు ఇదివరకు. ఇప్పుడు ఆ మాట రాతలోనే మిగిలింది. నోటి మాటగా ఆ స్థానంలో ఉన్నది ఉబ్బితబ్బిబ్బే.

మీ కథలోని తండ్రినే తీసుకోండి. ఫోన్‌లో కూతురి గొంతు వినగానే లేచి నిలబడతాడు, ఎందుకు నిలబడ్డాడో తెలియదు. "ఏదీ, ఇంకోసారి చెప్పు" అంటాడు, ఆమె చెబుతుండగానే మధ్యలో భార్యను పిలుస్తాడు, భార్య వచ్చేసరికి ఫోన్ ఆమెకివ్వకుండా తనే మాట్లాడుతుంటాడు. పక్కింటాయన వస్తే అప్పటికే కుర్చీలో కూర్చున్న మనిషిని "కూర్చోండి, కూర్చోండి" అంటాడు. కళ్లజోడు నెత్తిమీదే పెట్టుకుని టేబుల్ మీద వెతుకుతాడు. ఇదీ ఉబ్బితబ్బిబ్బు. ఈ మనిషికి తెలివి తప్పలేదు, ఒళ్లు మరిచిపోలేదు, ఎక్కడో లోపలికి మునిగిపోలేదు. పైగా ఎక్కడలేని చురుకు వచ్చేసింది, అది ఒక దారిలో లేదు, అంతే. పారవశ్యంలో ఉన్నవాడు ఇన్ని పనులు చేయడు, అసలు పక్కింటాయన వచ్చినట్టే గుర్తించడు.

అందుకే ఈ మాట హఠాత్తుగా వచ్చే సంతోషానికే సరిపోతుంది. పైగా ఎక్కువగా బయటినుంచి, ఇంకొకరి వల్ల వచ్చే సంతోషానికి. వార్త, బహుమతి, మెప్పు, పెద్దమనిషి పలకరింపు, పిల్లల విజయం. ఏళ్ల తరబడి కష్టపడి అప్పు తీర్చేసిన మనిషి ఆ రాత్రి ప్రశాంతంగా పడుకున్నాడంటే అది ఉబ్బితబ్బిబ్బు కాదు. ఆ అనుభూతికి ఊరట, నెమ్మది, తృప్తి లాంటి మాటలు కావాలి. తెల్లవారుజామున ఒంటరిగా కొండ మీద నిలబడి సూర్యోదయం చూస్తున్నవాడిని కూడా ఉబ్బితబ్బిబ్బయ్యాడని అనలేం. ఎదుట మనుషులు ఉండాలి, కనీసం ఫోన్ అవతలైనా ఒకరు ఉండాలి ఈ మాటకి.

పొగడ్తతో ఈ మాటకున్న చుట్టరికం ఇంకా దగ్గరిది. ఒకరిని కావాలని పొగిడి పని చేయించుకోవడాన్ని "ఉబ్బేయడం" అంటాం కదా. "ఊరికే ఉబ్బేయకు", "వాడు ఉబ్బేస్తే నువ్వు సంతకం పెట్టేశావా" లాంటివి రోజూ వినే మాటలే. తొందరగా ప్రసన్నుడైపోయి అడిగినవాడికి అడిగినట్టు వరాలిచ్చే శివుణ్ణి ఉబ్బులింగడు అని ముద్దుగా పిలుచుకోవడం ఉండనే ఉంది, ఆ మాటే పొగిడితే పడిపోయే మనుషులకూ వచ్చింది. ఈ నీడ కాస్త ఉబ్బితబ్బిబ్బు మీద కూడా పడింది. "నాయకుడు పేరు పెట్టి పిలవగానే ఉబ్బితబ్బిబ్బైపోయాడు" అన్న వాక్యంలో ఆ మనిషి అమాయకత్వం, కొంచెం తేలికతనం కూడా వినిపిస్తాయి. అలాగని ప్రతిచోటా ఎగతాళి ఉందనుకోవద్దు. కూతురి ఉద్యోగం విషయంలో, చాలాకాలానికి పుట్టిన మనవడిని చేతుల్లోకి తీసుకున్న సందర్భంలో ఆ నీడ పూర్తిగా పోతుంది, మనిషి మీద ఆప్యాయతే మిగులుతుంది. సందర్భాన్ని బట్టి ఇలా రెండు వైపులా ఒరగడమే నాకు ఈ మాటలో బాగా నచ్చే గుణం.

దీనివల్లే ఎవరి గురించి వాడుతున్నామన్నది చూసుకోవాలి. సభ గురించి వార్త రాస్తూ "ముఖ్య అతిథి ఉబ్బితబ్బిబ్బయ్యారు" అని రాస్తే ఆయన నొచ్చుకుంటారు, అక్కడ "ఆనందం వ్యక్తం చేశారు" అనో "హర్షం వెలిబుచ్చారు" అనో రాయాలి. "అభిమానులు ఉబ్బితబ్బిబ్బవుతున్నారు" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. మన గురించి మనం చెప్పుకోవడంలో ఇంకో చిక్కు ఉంది. "నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను" అనడం తప్పేమీ కాదు, కానీ అలా అనేవాడు కొంత కాలం గడిచాక, అప్పటి తన్ను తాను దూరంనుంచి చూసుకుని చెబుతున్నట్టు ఉంటుంది. సంతోషం ముంచెత్తుతున్న ఆ క్షణంలో "నేనిప్పుడు ఉబ్బితబ్బిబ్బవుతున్నాను" అని ఎవరూ అనరు. ఇది చూసేవాళ్ల మాట, అనుభవించేవాడి మాట కాదు.

వ్యాకరణం కూడా అదే చెబుతుంది. మన భాషలో చాలా అనుభూతులు మనకి కలుగుతాయి లేదా వేస్తాయి. నాకు సంతోషం వేసింది, నాకు ఆనందం కలిగింది, నాకు భయం వేసింది, నాకు సిగ్గేసింది. అనుభూతి కర్త, మనం కేవలం అది వచ్చి చేరే చోటు. ఉబ్బితబ్బిబ్బు అలా రాదు. "నాకు ఉబ్బితబ్బిబ్బు కలిగింది" అన్న వాక్యం తెలుగు కాదు. ఉబ్బితబ్బిబ్బు మనం అవుతాం. అలాగే "ఆయన ఉబ్బితబ్బిబ్బు చూసి" అని విడి నామవాచకంగా వాడటం కూడా పొసగదు, "ఆయన ఉబ్బితబ్బిబ్బవడం చూసి" అనాలి. ఉబ్బితబ్బిబ్బయ్యాడు, ఉబ్బితబ్బిబ్బైపోయింది, ఉబ్బితబ్బిబ్బవుతూ, ఉబ్బితబ్బిబ్బైన తండ్రి, ఈ రూపాలన్నీ చక్కగా నడుస్తాయి. "ఆ ఉత్తరం ఆయన్ని ఉబ్బితబ్బిబ్బు చేసింది" కూడా సరే.

రాతలో ఒక తప్పు తరచుగా కనిపిస్తుంది, "ఉబ్బితబ్బిబయ్యాడు" అని చివర ఒక్క బకారంతో. తబ్బిబ్బు చివర ఉకారం ఉంది, అవు క్రియ కలిసినప్పుడు ఆ ఉకారం పోతుంది, దానికింద ఉన్న బ్బ ఎక్కడికీ పోదు. కాబట్టి తబ్బిబ్బయ్యాడు, తబ్బిబ్బైంది అనే రాయాలి. ఉబ్బి, తబ్బిబ్బు విడదీసి రాయాలా కలిపి రాయాలా అంటే, కలిపి రాయమనే చెబుతాను, ఇప్పుడు అది ఒక్క మాటే.

ఇక పారవశ్యం. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పర అంటే ఇతరం, వశం అంటే అధీనం. పరవశుడు అంటే తన అధీనంలో తాను లేనివాడు, ఇంకొకదాని చేతిలో ఉన్నవాడు. ఆ ఇంకొకటి ఏమిటన్నది ఈ మాట చెప్పదు. శోకపరవశుడు, క్రోధపరవశుడు, నిద్రాపరవశుడు అని కావ్యాల్లోనూ పురాణ వచనాల్లోనూ ధారాళంగా వాడారు. నిద్రాపరవశుడంటే నిద్ర ముంచుకొచ్చి ఒళ్లు తెలియకుండా పడుకున్నవాడు, అందులో ఆనందం ఏముంది? ఇప్పటి తెలుగులో పారవశ్యం అనగానే ఆనందమే స్ఫురిస్తున్న మాట నిజమే, కానీ ఆ మాటకు కేంద్రం ఇప్పటికీ ఆనందం కాదు, స్వాధీనం తప్పడం. అందుకే జాగ్రత్తగా రాసేవాళ్లు ఆనంద పారవశ్యం, భక్తి పారవశ్యం అని ముందు ఇంకో మాట చేరుస్తారు.

పారవశ్యానికి కొంత వ్యవధి కావాలి. పాట వింటూ వింటూ, నాట్యం చేస్తూ చేస్తూ, దేవుడి ముందు నిలబడి, ప్రియమైన మనిషి సమక్షంలో మెల్లగా తన్ను తాను మరిచిపోయే స్థితి అది. బయటికి చూస్తే మనిషి కదలకుండా ఉండవచ్చు, లేదా తనకు తెలియకుండానే ఊగుతూ ఉండవచ్చు. ఫోన్ పట్టుకుని "ఎప్పుడు చేరమన్నారు, జీతమెంత" అని అడుగుతున్న తండ్రికి అది నప్పదు. మీ వాక్యంలో తేడా కొట్టింది ఇదే. అదే కథలో, ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఆయన ఒక్కడే కూతురు చిన్నప్పుడు గీసిన బొమ్మ చూస్తూ ఎంతసేపు కూర్చున్నాడో తనకే తెలియలేదు అని రాస్తే, అక్కడ పారవశ్యం కాకపోయినా దానికి దగ్గరి మాట ఏదైనా ఒదుగుతుంది.

ఆ దగ్గరి మాట అచ్చతెలుగులోనే ఉంది, మైమరపు. మై అంటే ఒళ్లు. ఒళ్లు మరిచిపోవడం. "మైమరచి వింటున్నారు" అంటే చాలు, ఏ సమాసమూ అక్కర్లేదు. కథల్లో పారవశ్యం బరువుగా తోచిన ప్రతిచోటా ముందు మైమరచి అని పెట్టి చూడండి, పదిలో ఎక్కువసార్లు అదే నిలుస్తుంది. ఇంకో మాట, దయచేసి "పారవశ్యత" అని రాయకండి. పరవశకు భావార్థ ప్రత్యయం చేరి పారవశ్యం అయ్యాక మళ్లీ త తగిలించడం అనవసరం. ప్రాముఖ్యం ఉండగా ప్రాముఖ్యత, ప్రావీణ్యం ఉండగా ప్రావీణ్యత రాయడం లాంటిదే ఇది. వీటిలో కొన్ని ఎంత పాతుకుపోయాయంటే ఇక దిద్దడం కష్టం, పారవశ్యత మాత్రం ఇంకా అంత దూరం పోలేదు. తన్మయత్వం సంగతి వేరు, అది తప్పు కాదు. తత్ అంటే అది, తన్మయం అంటే దానితోనే నిండినది, తన్మయత్వం ఆ స్థితి. వింటున్నదానిలోనో చూస్తున్నదానిలోనో కలిసిపోవడం దాని అర్థం కాబట్టి ఎదురుగా ఒక విషయం తప్పనిసరిగా ఉండాలి. ఊరికే తన్మయత్వం చెందడం కుదరదు.

ఒంటి మీద కనిపించే ఆనందానికి పులకింత, పులకరింత ఉన్నాయి. భరతుడి నాట్యశాస్త్రం ఎనిమిది సాత్త్విక భావాలు చెప్పింది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారడం, చెమట పట్టడం, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, గొంతు తడబడటం, వణుకు, రంగు మారడం, కన్నీరు, సొమ్మసిల్లడం అన్నమాట. ఇవి ఆనందానికే కాదు, భయానికీ దుఃఖానికీ కూడా వస్తాయి. రాసేవాళ్లకు ఈ జాబితా చాలా పనికొస్తుంది, ఎందుకంటే "అతడికి అంతులేని ఆనందం కలిగింది" అని చెప్పే బదులు వీటిలో ఒకదాన్ని చూపిస్తే పాఠకుడు మిగతాది తానే గ్రహిస్తాడు. హర్షం అనే మాట పుట్టుకలో కూడా వెంట్రుకలు నిలబడటమే ఉంది, రోమహర్షణం అన్న మాటలో ఆ సంగతి ఇప్పటికీ స్పష్టంగా కనబడుతుంది. ఇప్పుడేమో హర్షం పత్రికాభాషలో పడి చల్లబడింది. ప్రభుత్వ నిర్ణయం పట్ల హర్షం వ్యక్తం చేశారంటే ఎవరి ఒంటి మీదా వెంట్రుక కదల్లేదని అందరికీ తెలుసు. గగుర్పాటు దారి మరొకటి. పూర్వం సంతోషంతో వచ్చే పులకకూ వాడిన మాట, ఇప్పుడు ప్రమాదాలకూ హత్యలకూ పరిమితమైపోయింది. కాబట్టి మీ కథలో తల్లి ఒళ్లు గగుర్పొడిచిందని రాయకండి, పులకరించిందని రాయండి.

సంతోషం, ఆనందం గురించి ఒక్క మాట. సంతోషం సంస్కృతంలో తృప్తి. యోగశాస్త్రంలో నియమాల్లో ఒకటిగా చెప్పిన సంతోషం ఉన్నదానితో తృప్తిపడటమే. తెలుగులో అది అన్నిరకాల సంతోషాలకూ విస్తరించింది గానీ పొంగిపొరలే ఆనందాన్ని మోసే శక్తి దానికి ఒంటరిగా లేదు, "పట్టలేని", "అంతులేని" లాంటివి తోడు కావాలి. ఆనందం మాత్రం ఎంత దూరమైనా సాగుతుంది. తైత్తిరీయోపనిషత్తులో మనిషి ఆనందాన్ని ఒకటిగా పెట్టుకుని, దానికి నూరు రెట్లు, దానికి మళ్లీ నూరు రెట్లు అంటూ పది మెట్లు ఎక్కి బ్రహ్మానందం దాకా లెక్క కట్టారు. మనం సీటు దొరికిందని బ్రహ్మానందపడిపోతున్నాం, ఫర్వాలేదు, వాడుక అలాగే ఏర్పడింది. కథలో సంభాషణకు బాగుంటుంది, వర్ణనలో మాత్రం కొంచెం చూసుకుని వాడాలి.

అలవాటుగా చేయి తిరిగి రాసేసే రెండు మూడింటి దగ్గర ఆగి ఆలోచించండి. "ఆనంద డోలికల్లో ఓలలాడారు" అని విరివిగా కనిపిస్తుంది. డోలిక అంటే ఉయ్యాల. ఓలలాడటం అంటే నీళ్లలో ఆడటం. ఉయ్యాల్లో ఎవరూ ఈదరు. ఆనంద డోలికల్లో ఊగారు అనండి, లేదా ఆనంద సాగరంలో ఓలలాడారు అనండి, అసలు రెండూ మానేస్తే ఇంకా మంచిది. రెండోది "ఆనందభాష్పాలు". ఒత్తు లేదు, ఆనందబాష్పాలు. బాష్పం అంటే కన్నీరు, ఆవిరి కూడా. నీరు ఆవిరి కావడాన్ని బాష్పీభవనం అంటున్నది అందుకే. "అవధులు లేని ఆనందం" తప్పేమీ కాదు గానీ ఎన్నివేలసార్లు వాడారంటే కన్ను ఆ మాట మీద ఆగడం మానేసింది.

పొంగిపోవడం, మురిసిపోవడం, సంబరపడటం కూడా మీకు పనికొస్తాయి. పొంగిపోవడంలో పాలపొంగు ఉంది, ఆపుకోలేక పైకి రావడం. మురిసిపోవడంలో ముద్దు, మురిపెం కలిసి ఉంటాయి, తనదైనదాన్ని పదేపదే చూసుకుని ఆనందించడం, అందుకే తల్లులకూ కొత్త చీర కట్టుకున్న పిల్లలకూ అది బాగా కుదురుతుంది. సంబరంలో కాస్త సందడి ఉంటుంది. తెలంగాణలో ఇదే సంబురం, "మస్తు సంబురపడ్డడు" అంటే ఆ వాక్యానికి ఇంకేమీ జోడించనక్కర్లేదు. అక్కడే ఖుషీ కూడా ఇంటి మాట అయిపోయింది. మీ పాత్రలు ఏ ప్రాంతం వాళ్లో దాన్ని బట్టి ఎంచుకోండి, వర్ణన మీ భాషలో ఉన్నా సంభాషణ వాళ్ల నోటి మాటలో ఉండాలి.

చివరిగా, కూతురితో ఆ తండ్రి ఏమంటాడో కూడా అడిగారు. ఆయన నోట ఉబ్బితబ్బిబ్బు, పారవశ్యం రెండూ పెట్టకండి. ఇప్పటి పిల్లలైతే "థ్రిల్లయిపోయా", "ఫుల్ హ్యాపీ" అంటారు, ఆ అమ్మాయి నోట అది రాస్తే సహజంగానే ఉంటుంది. తండ్రి తరం వాళ్లు "ఎంత సంతోషమేసిందో తెలుసా అమ్మా", "కాళ్లు నేలమీద ఆనడం లేదు", "నాకు నోట మాట రావట్లేదు" అంటారు. లేదా అవేవీ అనకుండా "భోంచేశావా" అని అడిగి ఫోన్ పెట్టేస్తారు, మీ పాత్ర మితభాషి అని ముందే రాశారు కాబట్టి నేనైతే ఇదే ఉంచుతాను. ఉబ్బితబ్బిబ్బయ్యాడన్న మాట ఆ తర్వాత, ఆయన కళ్లజోడు వెతుక్కోవడం చూసి నవ్వుకుంటూ భార్య పక్కింటావిడతో అనాల్సిన మాట.